వేణ్ణీళ్ళలో ముంచని చేతులు

నేను ఒక చేప దవడను. నవ్వినా పరవాలేదు, నాకు అలవాటే. మీరు ఈ మాట చదివే వేళకి సన్యాసమ్మ నన్ను పట్టుకుని పత్తి దువ్వుతోంది. తెల్లారింది గానీ ఎండ ఇంకా గుమ్మం ఎక్కలేదు. పెరట్లో కోళ్ళు మట్టి గీకుతున్నాయి. ఆమె ఎడమచేతి వేళ్ళ మధ్య గింజ వదలని కొండపత్తి ముద్ద ఒకటి ఉంది. కుడిచేతిలో నేను. ఒక దువ్వు, కొంచెం ఆగడం, మళ్ళీ ఒక దువ్వు. నలకలు నా పళ్ళకి చిక్కుకుంటాయి. దూది మాత్రం పాల మీద నురగలా పైకి లేస్తుంది.

రోజూ జరిగే పనే ఇది. కానీ ఇవాళ దువ్వుకీ దువ్వుకీ మధ్య ఆ ఆగడం ఎక్కువగా ఉంది. ఎందుకో నాకు తెలుసు. సన్యాసమ్మకీ తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ తెలీదు. అదేమిటో చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పుకోవాలి.

నేను పుట్టింది గోదావరిలో. వాలుగ చేప నోట్లో ఉండేదాన్ని. మా జాతికి నోరు పెద్దది, పళ్ళు సన్నవి, సూదిమొనల్లా ఒత్తుగా ఉంటాయి. వాటితో ఎన్ని చిన్న చేపల్ని పట్టుకున్నానో లెక్కలేదు. ఒకరోజు ఎవరి గాలానికో నేనే పట్టుబడ్డాను. తల పులుసులోకి పోయింది. పులుసు తిన్నవాళ్ళు బాగుందన్నారని విన్నాను. జాలరి పెళ్ళాం నన్ను మాత్రం కడిగి పెంకుల మీద ఎండబెట్టింది. ఒక కాకి ముక్కున కరుచుకుని ఎగరబోయి, నా పళ్ళు దాని నాలుక్కి గుచ్చుకునేసరికి వదిలేసి పోయింది.

పొందూరు వైపు పల్లెల్లో సన్నటి ఖద్దరు నూలు వడికే ఆడవాళ్ళకి మా దవడలంటే ప్రాణం. ఇనుప పళ్ళతో దువ్వితే పోగు తెగుతుందనీ, మా పళ్ళయితే పోగుని నొప్పించకుండా చక్కదిద్దుతాయనీ అంటారు. కొరికే పళ్ళు దువ్వే పళ్ళు కావాలంటే నేను చచ్చిపోవలసి వచ్చింది. మనుషులు బతికుండగానే రెండు పనులూ చేస్తారు.

దవడల్ని దారానికి గుచ్చి అమ్మకానికి తెచ్చిన మనిషి దగ్గర నన్ను ఏరుకున్నది నీలమ్మ, సన్యాసమ్మ అత్తగారు. బొటనవేలితో నా పళ్ళ వరస నిమిరి, "ఇది దువ్వీ దవడే" అని ఒడిలో వేసుకుంది. ఆమె చేతిలో నేను చాలాకాలం పనిచేశాను. చూపు మందగించాక ఒకనాడు కోడల్ని పిలిచి నన్ను చేతిలో పెట్టింది. సన్యాసమ్మ భయంతో బిగించి పట్టుకుంది.

"నొక్కీకే. పిట్టని పట్టినట్టు పట్టాల. ఒగ్గీస్తే ఎగిరిపోద్ది, నొక్కీస్తే సచ్చిపోద్ది" అంది నీలమ్మ.

ఆ పట్టు కుదరడానికి సన్యాసమ్మకి ఒక కాపు పత్తి పట్టింది. కుదిరాక మాత్రం ఆ చేయి మరి తప్పలేదు. ఆమె బొటనవేలు ఆనించే చోట నా ఎముక అరిగి నున్నటి గుంట పడింది. అత్తగారు పోయారు. కూతురు దమయంతి పుట్టింది, పెరిగింది, డిగ్రీ చదివింది. ఆ గుంట అలా లోతు అవుతూ వచ్చింది. సన్యాసమ్మ నూలు వడికితే, దాన్ని మగ్గం మీద నేసేది ఆమె భర్త ముఖలింగం. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేది తక్కువ. నూలు ఇటునుంచి అటు వెళుతుంది, బట్టై కనిపిస్తుంది. అదే వాళ్ళ మాట.

జబ్బు వచ్చినప్పుడు ముందుగా తెలిసింది నాకే. పిట్టని పట్టినట్టుండే పట్టు ఒక చలికాలం ఉదయాన కర్రని పట్టినట్టయింది. వేళ్ళు వంగవు. ఎండ చూరు దిగి గుమ్మంలోకి వచ్చేదాకా పిడికిలి మూసుకోదు. ఆ తరవాత కొంచెం కొంచెం వదులయ్యేది. వేళ్ళ కణుపులు రేగుపళ్ళలా ఉబ్బాయి, మణికట్టు వేడిగా ఉండేది. ఆముదపాకు వెచ్చబెట్టి కట్టుకుంది. జిల్లేడాకు కట్టుకుంది. ఊళ్ళో సూదిమందు వేసే ఆయన దగ్గర సూదులు వేయించుకుంది. సూది వేసిన నాలుగురోజులు బాగుండేది, మళ్ళీ మొదటికి వచ్చేది.

ఆఖరికి దమయంతి పట్టుబట్టి విశాఖపట్నంలో కీళ్ళవాతం చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె పేరు మృణాళిని. ఆ మొదటి ప్రయాణంలో నేను లేను. వచ్చాక విన్నదే. చీకటితో బయల్దేరి, బస్సులో వాంతులు చేసుకుని, మోకాళ్ళు బిగుసుకుపోయి, ఆస్పత్రి మెట్లు ఒకదాని తరవాత ఒకటి రెండు కాళ్ళూ పెట్టి ఎక్కిందట. డాక్టరమ్మ ఒక్కొక్క కణుపూ నొక్కి చూసి, రక్తం పరీక్ష చేయించి, ఇది ఎముకలు అరిగి వచ్చింది కాదనీ, ఒంట్లో కాపలా ఉండాల్సిన సైన్యమే కీళ్ళ మీద పడుతోందనీ చెప్పిందట. మందులు రాసింది. చాలా మాటలు చెప్పింది. అందులో సన్యాసమ్మ ఇంటికి తెచ్చుకున్న మాట ఒకటే.

"వాపు ఇలాగే ఉంటే మీరు ఈ పని మానుకోవాల్సి వస్తుందమ్మా."

ఇంటికి వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు ఊరికే కూచుంది. దువ్వలేదు. తన చేతులకి పని ఉంటుందా, పోతుందా? ఆ రోజునుంచీ ఆమె బుర్రలో ఇంకో ప్రశ్న లేదు.

మందులు పనిచేశాయి. చలి వెళ్ళేసరికి పిడికిలి మూసుకుంది, పిట్టని పట్టే పట్టు తిరిగి వచ్చింది. అప్పుడు డాక్టరమ్మే అందట, ఇకమీదట ప్రతిసారీ ఇంతదూరం రానక్కర్లేదనీ, దగ్గర్లో రక్తపరీక్ష చేయించి కాగితం ఫోనులో పంపి, ఫోనులోనే కనిపిస్తే చాలనీ. ఇంట్లో అందరికీ ప్రాణం లేచివచ్చింది. వాంతుల్లేవు, మెట్లు లేవు, ముఖలింగం మగ్గం ఆపక్కర్లేదు. నిజం చెప్పాలంటే అది మంచి ఏర్పాటే. మోకాళ్ళు నొప్పి అని చెప్పడానికి ఆ మోకాళ్ళ మీదే అంతదూరం వెళ్ళమనడం మనుషులకి మాత్రమే తోచే తమాషా.

మొదటిసారి ఫోను వచ్చిననాడు ఇంట్లో పెళ్ళిచూపులంత హడావుడి. దమయంతి ఉప్పుజాడీకి ఫోను ఆనించింది. నన్నూ, పత్తినీ, రాట్నాన్నీ గోడవారకి నెట్టేసి ఉతికిన దుప్పటి పరిచారు. సన్యాసమ్మ స్నానం చేసి, తలలో పూలు పెట్టుకుని కూచుంది.

"ఎలా ఉన్నారమ్మా?" అంది ఫోనులో డాక్టరమ్మ.

"తమ దయవల్ల బాగున్నానమ్మా. తమరు బాగున్నారా? పిల్లలు బాగున్నారా?"

"అందరూ బాగున్నారు. ఏదీ, చేతులు చూపించండి."

సన్యాసమ్మ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

"అలా కాదమ్మా, చేతులు చాపు" అని దమయంతి పళ్ళ మధ్యనుంచి అంది. ముఖలింగం మగ్గం గుంటలో కూచునే కిసుక్కుమన్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వింది. పెద్దవాళ్ళు ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానని చెప్పాలి, చేతులు చూపించమంటే దణ్ణం పెట్టాలి. సన్యాసమ్మ పుట్టినప్పటినుంచీ నేర్చుకున్నది అదే. గోడవారనుంచి చూస్తున్న నాకు అప్పుడే అనుమానం వేసింది, ఈ మర్యాద ఏదో ఒకనాడు చేటు చేస్తుందని.

కొన్నాళ్ళు ఏ చేటూ లేదు. నిజంగానే బాగుంది గనక బాగున్నానన్న మాట సరిపోయింది. కానీ ఆ జబ్బు వర్షం లాంటిది, తగ్గిందని గొడుగు మూయగానే మళ్ళీ మొదలవుతుంది. ఎండలు ముదిరేసరికి ఒక ఉదయం పట్టు మళ్ళీ కర్రయింది. బొటనవేలు తన గుంటలో కుదరలేదు. మర్నాడూ అంతే.

సన్యాసమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరమ్మకి తెలుస్తుంది, తెలిస్తే పని మానేయమంటుంది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. ఫోను వచ్చే రోజున గిన్నెడు వేణ్ణీళ్ళు పెట్టుకుని, రెండు చేతులూ అందులో ముంచి, బిగిసిన వేళ్ళు సాగేదాకా నానబెట్టేది. తరవాత కొబ్బరినూనె రాసుకునేది. ఆ చేతులతో ఫోను ముందు పిడికిలి మూస్తే మూసుకున్నట్టే కనిపించేది.

"పని చేసుకోగలుగుతున్నారా?"

"ఆఁ, సేసుకుంతన్నానమ్మా."

రక్తపరీక్ష కాగితంలో కూడా పెద్ద తేడా ఏమీ లేదట. డాక్టరమ్మ అవే మందులు కొనసాగించమంది. ఆమెను తప్పు పట్టలేం. ఆమెకి చూపించిన చేతుల్ని చూసి ఆమె చెప్పింది.

దమయంతి ఒకనాడు పొద్దున్నే లేచి పెరట్లోకి వెళుతూ చూసింది. తల్లి నన్ను బొటనవేలితో కాదు, చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించుకుని, మోచేతితో లాగుతోంది. కళ్ళలో నీళ్ళు.

"ఏటమ్మా ఇది! డాక్టరుకి బాగుందని చెప్పావు కదా?"

"మెల్లగా మాటాడు. మీ నాన్న లెగుస్తాడు."

"లెగవనీ. ఇవాళే ఫోన్ చేసి చెప్తాను."

సన్యాసమ్మ కూతురి చేయి పట్టుకుంది. "నా మీద ఒట్టే. సెప్పీసేవంటే పని మానీమంటాది. పని మానీసి నానేటి సెయ్యాల? గోడకి జారబడి మీ నాన్న మగ్గం కేసి సూత్తూ కూకోవాలా? తగ్గిపోద్దిలే."

దమయంతి చదువుకున్న పిల్ల. ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెబుతుంది. తల్లి చెప్పింది తప్పని ఆమెకి తెలుసు. కానీ తల్లి తలమీద ఒట్టుకి ఎదురువెళ్ళే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. మర్నాటినుంచి ట్యూషన్ పిల్లలు రాకముందే లేచి, ఆమే నన్ను పట్టుకుని దువ్వడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు చూసి నేర్చుకున్నదే. తరవాత రాట్నం కూడా తిప్పింది. నూలు సన్నగానే వచ్చేది. కాకపోతే ఆ పిల్ల పట్టు పిట్టని పట్టినట్టుండదు, కలం పట్టినట్టుంటుంది. నాకా తేడా తెలుస్తుంది. ఇంకెవరికి తెలుస్తుంది అనుకున్నాను.

అలా ఇంకో ఫోను గడిచింది. ఈసారి డాక్టరమ్మ పని గురించి అడిగితే సన్యాసమ్మ రాట్నం నుంచి చుట్టి తీసిన నూలు చిలప తెచ్చి చూపించింది. "ఇదిగో తల్లీ, మొన్న వడికింది" అంది. ఎవరు వడికిందో చెప్పలేదు. అబద్ధం కాదు కదా అనుకుని ఉంటుంది. దమయంతి తల వంచుకుని ఫోను సరిచేసింది.

ఆషాఢం వచ్చింది. ఊరంతా గోరింటాకు రుబ్బుకున్నారు. సన్యాసమ్మ రెండు చేతులకీ పెట్టుకుంది. వేళ్ళ చివరలకీ, కణుపులమీదా, అరచేతుల్లోనూ ఎర్రగా పండింది. ఆ వారమే డాక్టరమ్మ ఫోను. వేణ్ణీళ్ళు, కొబ్బరినూనె, ఉతికిన దుప్పటి, అన్నీ మామూలే.

డాక్టరమ్మ చేతులు చూసి నవ్వింది. "బాగా పండిందమ్మా. కానీ కీలు ఎర్రబడితే నేను పోల్చుకోవాలి. ఇవాళ మీ చేతులనిండా ఎరుపే. నాకేం తెలుస్తుంది?"

"ఆసాడం గదమ్మా" అంది సన్యాసమ్మ, సిగ్గుపడుతూ.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "సరే, ఒక పని చేద్దాం. మీరు ఆస్పత్రికి వస్తే మీ పని నేను చూడలేను. ఇప్పుడు మీ ఇంట్లోనే ఉన్నట్టున్నాను కదా. నూలు కాదు, మీరు పని చేస్తుంటే చూపించండి. ఆ చేప పళ్ళతో దువ్వుతారని మీ అమ్మాయి చెప్పిందే, అది చూడాలనుంది."

సన్యాసమ్మ ముఖం పత్తిలా తెల్లబోయింది. దమయంతి కదల్లేదు. "తేవే" అంది చివరికి సన్యాసమ్మ. గోడవారనుంచి నేను ఫోను ముందుకి వచ్చాను.

ఆమె నన్ను పాత పద్ధతిలోనే పట్టుకోవాలని చూసింది. బొటనవేలు తన గుంటకోసం వెతుక్కుంది. వేణ్ణీళ్ళ వెచ్చదనం అప్పటికే తగ్గిపోతోంది. ఒక దువ్వు లాగింది. రెండోది సగంలో ఆగింది. నేను జారి గచ్చుమీద పడ్డాను. నా పన్ను ఒకటి విరిగింది.

నేను కావాలనే జారానని దమయంతి ఆ తరవాత ఎవరితోనో అంది. అంత తెలివి దవడలకి ఉండదు. పట్టుకునే వేలు లేక పడ్డాను, అంతే.

ఫోనులో డాక్టరమ్మ ముందుకి వంగింది. ఆమె చూసింది నన్ను కాదు. నన్ను ఏరుకోబోయి, వేళ్ళతో తీయలేక, అరచేతిని గచ్చుమీద ఈడ్చి ఒళ్ళోకి నెట్టుకున్న ఆ చేతిని చూసింది.

"సన్యాసమ్మగారూ, రేపే రండి. ఇది ఫోనులో అయ్యేది కాదు. నేను పట్టుకుని చూడాలి. ఆ దవడని కూడా తీసుకురండి."

ఫోను పెట్టేశాక ఇంట్లో గొడవ. సన్యాసమ్మ రానంటే రానంది. "బస్సెక్కితే వాంతులు. ఎల్లేక ఆయమ్మ సెప్పే మాట నాకు తెల్దేటి? ఆ మాట ఇంటికాడ కూకునే ఇంటాను" అంది. దమయంతి ఏడుస్తూ, అరుస్తూ ఉంది.

"ఫోనులో సూసీసింది గదేటి, మళ్ళీ బస్సెందుకు?" అంటాడేమో ముఖలింగం అనుకున్నాను. ఫోను ఏర్పాటుని అందరికంటే మెచ్చుకున్నది అతనే మరి. అతను మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, భార్య ముందు చతికిలబడ్డాడు.

"ఒలే, ఆ నూలు నీది గాదని నాకు తెలుసు."

ఇద్దరు ఆడవాళ్ళూ గతుక్కుమన్నారు.

"ఎప్పట్నుంచి?" అంది సన్యాసమ్మ.

"మొదటి సిలప నుంచి. ఇన్నాళ్ళు నీ నూలు నేసినోడిని, నాకు తెల్దేటి? మన పిల్ల నూలు సన్నంగానే ఉన్నాది గానీ బిరుసు. ఏలి మీద ఆడదు."

"తెలిసీ అడగనేదేటి మరి?"

"నువ్వు సెప్పనేదు గదాని ఊరుకున్నాను." ఆ మాట అన్నాక అతనికే అది ఎంత తెలివితక్కువగా ఉందో వినిపించినట్టుంది. భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "బేగి పడుకోండి. చీకటితో బస్సు."

నేను విశాఖపట్నం చూసింది అలాగ. చూశాననడం ఎక్కువ, సన్యాసమ్మ చీరకొంగు ముడిలో ఉన్నాను. వాంతులు కిటికీలోంచి, నిద్ర దమయంతి భుజం మీద, ఎదురుసీట్లో ముఖలింగం. ఆస్పత్రి వరండాలో బల్లలనిండా చేతులు. వంకర తిరిగినవి, వాచినవి, ఒకదానిలో ఒకటి దాచుకున్నవి. పక్కన కూచున్నాయన కొంగు ముడిలోంచి బయటికొచ్చిన నన్ను చూసి, "ఏంటమ్మా అది, దువ్వెనా?" అన్నాడు.

"సేప పళ్ళు బాబూ" అంది సన్యాసమ్మ.

ఆయన కొంచెం పక్కకి జరిగి కూచున్నాడు.

లోపల డాక్టరమ్మ మామూలుగానే అడిగింది, ఎలా ఉన్నారమ్మా అని. సన్యాసమ్మ నోరు తనంతట తానే చెప్పింది, "తమ దయవల్ల బాగున్నానమ్మా" అని.

"అది మర్యాద. ఇక మీ వేళ్ళని అడుగుతాను" అంది డాక్టరమ్మ.

సన్యాసమ్మ చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒక్కొక్క కణుపునీ రెండు బొటనవేళ్ళతో మెత్తగా నొక్కుతూ వెళ్ళింది. విచిత్రం ఏమిటంటే, ఆమె చేతి వంక చూడనే లేదు. సన్యాసమ్మ ముఖం వంక చూస్తూ, చీకట్లో దీపం వెతికేవాళ్ళలా వేళ్ళతో వెతికింది. ఒకచోట సన్యాసమ్మ పెదవి కదిలింది. అక్కడ ఆగింది. మణికట్టు దగ్గర సన్యాసమ్మ కన్ను మూసుకుంది. అక్కడా ఆగింది. లోపల నీటితిత్తిలా మెత్తగా ఉందని పక్కనున్న చిన్న డాక్టరుకి చెప్పింది. ఆ మెత్తదనం ఏ ఫోనులో కనిపిస్తుంది? ఏ రక్తపు కాగితం మీద రాసి ఉంటుంది?

"ఎన్నాళ్ళనుంచి దాస్తున్నారు?"

ఇన్నాళ్ళూ సన్యాసమ్మ మనసులో పెట్టుకున్న ప్రశ్నే బయటికి వచ్చింది. "పని మానీమంటారేటమ్మా?"

"మానమని ఎవరన్నారు?"

"తమరే. మొదట్రోజున."

డాక్టరమ్మ ఆమె చేయి వదల్లేదు. "వాపు ఇలాగే ఉంటే అన్నాను. ఉండకుండా చూడ్డానికే మందులిస్తానని కూడా అన్నాను. మీరు సగం మాట పట్టుకెళ్ళారు. మిగతా సగం మీకు అందిందో లేదో నేను అడగలేదు. ఇద్దరం తప్పు చేశాం. కానీ ఒకటి చెబుతాను వినండి. ఈ వాపుని దాచుకుంటే, పని మానమని నేను చెప్పక్కర్లేదు. ఈ కీళ్ళే చెబుతాయి. అప్పుడు నేను కూడా ఏమీ చేయలేను."

సన్యాసమ్మ అప్పుడు ఏడ్చింది. ముఖలింగం గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

మందు పెంచారు, ఇంకో మందు కలిపారు. మణికట్టుకి రాత్రిపూట కట్టుకునే పట్టీ ఇచ్చారు. వాపు దిగేదాకా దువ్వొద్దన్నారు. తరవాత డాక్టరమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. ఎక్కడ పట్టుకోవాలో తెలియక పళ్ళమీద వేలు పెట్టింది. కొంచెం కొరికాను. పాత అలవాటు.

"అబ్బో, ఇది ఇంకా బతికే ఉంది" అని నవ్వి, పక్కగదిలో చేతులకి వ్యాయామం నేర్పే అమ్మాయిని పిలిచింది. ఆ అమ్మాయి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, సన్నటి పిడి గట్టిగా నొక్కి పట్టుకోవాల్సి వస్తుందనీ, లావుగా చేస్తే కీలుమీద బరువు తగ్గుతుందనీ చెప్పింది. పట్టుకునే వైపు గుడ్డపీలిక చుట్టి, దారంతో కుట్టింది. ఆవిధంగా ఈ వయసులో నాకు చొక్కా తొడిగారు. ఇన్నాళ్ళు అరిగి పడిన గుంట ఆ గుడ్డకింద కప్పబడిపోయింది. కొంచెం బాధ వేసింది గానీ, వేలు మళ్ళీ ఆనితే అదే చాలనుకున్నాను.

బయల్దేరేముందు డాక్టరమ్మ దమయంతితో అంది, "బాగున్నంతకాలం ఫోనులోనే చూద్దాం. మీ అమ్మగారిని ఊరికే బస్సుల్లో తిప్పొద్దు. కానీ చేతులు మొరాయించిన రోజున ఫోనుకోసం ఆగకండి. వచ్చేయండి. నేనుంటాను." తరవాత సన్యాసమ్మ వైపు తిరిగింది. "ఫోనులో నాకు కనిపించేది మీరు చూపించేదే. గుర్తుంచుకోండి."

ఆ వానాకాలమంతా నేను బుట్టలో పడుకున్నాను. చలి మొదలయ్యేవేళకి సన్యాసమ్మ నన్ను తీసింది. బొటనవేలు పూర్తిగా తిన్నగా రాలేదు. దాచిపెట్టిన ఆ నెలలు కొంత తీసుకునే వెళ్ళాయి. మునుపటంత పని చేయలేదు, మునుపటంత వేగమూ లేదు. కానీ ఆమె నూలు చేతికి వచ్చిన రోజున ముఖలింగం చిలపని వేళ్ళమధ్య నలిపి, "ఆఁ" అన్నాడు. అంతే అన్నాడు. ఆ సాయంత్రం సన్యాసమ్మ కూనిరాగం తీస్తూ వంట చేసింది.

ఇప్పుడు మళ్ళీ ఇవాళ్టి పొద్దుటికి వద్దాం. ఇవాళ మధ్యాహ్నం డాక్టరమ్మ ఫోను. దమయంతి రాత్రే ఫోనుకి ఛార్జింగ్ పెట్టింది. ఉప్పుజాడీ తుడిచి ఉంది. ఉతికిన దుప్పటి మడతపెట్టి ఉంది. పొయ్యిమీద స్నానానికి వేణ్ణీళ్ళు కాగుతున్నాయి. అంతా బాగుందని ఇంట్లో అందరి నమ్మకం.

కానీ గుడ్డచొక్కా మీద ఆ బొటనవేలు ఇవాళ సరిగ్గా ఆనడంలేదు. నిన్నా ఆనలేదు. ఎండ గుమ్మంలోకి వచ్చింది, పిడికిలి ఇంకా మూసుకోలేదు. ఒక దువ్వు లాగింది. ఆగింది. మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని, డాక్టరమ్మ పట్టుకున్నట్టే, రెండువైపులా నొక్కి చూసుకుంది. పెదవి కదిలింది.

పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. సన్యాసమ్మ ఆ గిన్నె ముందు నిలబడింది. నా పళ్ళ మధ్య సగం దువ్విన దూది వేలాడుతోంది. నేను పీటమీద పడి ఉండి ఆమె వీపుని చూస్తున్నాను. అందులో చేతులు పెడితే ఎంత సుఖంగా ఉంటుందో ఆమెకి తెలుసు. మధ్యాహ్నందాకా ఎంత బాగుంటాయో తెలుసు. ఫోనులో ఎంత అందంగా కనిపిస్తాయో కూడా తెలుసు.

చెంబుతో చన్నీళ్ళు పోసుకుని ముఖం కడుక్కుంది. చీర మార్చుకుంది. కర్రపెట్టెలోంచి మందుల చీటీలున్న సంచి తీసి భుజాన వేసుకుంది. మణికట్టు పట్టీ ఒకచేత్తో కట్టుకోలేక సంచిలో వేసుకుంది. నన్ను మాత్రం తీసుకోలేదు. నా పళ్ళకి చిక్కిన దూదిని తీసి, నన్ను తన పీట పక్కన, తిరిగి రాగానే చేతికి అందే చోట పెట్టింది.

దమయంతి పెరట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగింది. తల్లి భుజాన ఉన్న సంచి చూసింది, పొగలు కక్కుతున్న గిన్నె చూసింది, బిగుసుకున్న ఆ వేళ్ళు చూసింది. "ఎక్కడికి" అని నోటిదాకా వచ్చినట్టుంది. బయల్దేరేవాళ్ళని అలా అడగకూడదు. మింగేసింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. ముఖలింగం తువ్వాలుకోసం వెతుక్కుంటున్నాడు.

సన్యాసమ్మ వాళ్ళకోసం ఆగలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వంగని వేళ్ళతోనే కొంగు నడుముకి దోపుకుని, గుమ్మం దిగి బస్సు వచ్చే వైపు నడిచింది.